ఎగిరే గద్ద ఫొటోలో నల్లగా, మసకగా వస్తోంది: లెన్సు లోపమా?

కొర్లగుంట కుర్రాడు:
అందరికీ నమస్కారం. పాత కానన్ కెమెరా, సిగ్మా 150–600 మి.మీ. జూమ్ లెన్సు సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. కొమ్మ మీద కూర్చున్న పాలపిట్ట, పికిలిపిట్ట బాగానే వస్తున్నాయి. గద్ద రెక్క విప్పిందంటే మాత్రం నా పని అయిపోయినట్టే. వెనక ఆకాశం ఉంటే పక్షి నల్లటి బొమ్మ అయిపోతుంది. కొండ ముందుకు దిగితే ఫోకస్ దాన్ని వదిలేసి చెట్లను పట్టుకుంటుంది. షటర్ వేగం 1/1000 సెకనులో పెడుతున్నాను. తిరుపతిలో కపిలతీర్థం పైన కొండ అంచున తిరిగే గద్దలను పదకొండు గంటలప్పుడు తీస్తే ఒక్క ఈక కూడా తేటగా లేదు. లెన్సును సర్వీసుకు ఇవ్వమంటారా? సెట్టింగులు చెప్పినా చాలు.

చంద్రగిరి డ్రాయింగు మాస్టారు:
కుర్రాడినని నువ్వే రాసుకున్నావు కాబట్టి చనువుగా నువ్వు అనే అంటాను. సర్వీసు మాట మరిచిపో, డబ్బు దండగ. పదకొండు గంటలకు ఆ బండలు కాగి, వాటి మీది గాలి అలలు అలలుగా కదులుతూ ఉంటుంది. దాని గుండా అంత దూరంలోని పక్షిని తీస్తే ఎంత ఖరీదైన లెన్సయినా మసకే ఇస్తుంది. గద్దలు పైకి లేచేది ఆ వేడి గాలి పట్టుకునే. అంటే అవి ఎక్కువగా కనిపించే వేళ, ఫొటో చెడే వేళ ఒకటే. పొద్దున ఎండ ఎక్కకముందు గద్ద బద్ధకంగా, తక్కువ ఎత్తులో, రెక్కలు గట్టిగా ఆడిస్తూ పోతుంది. నీకు కావలసింది ఆ గంట, గంటన్నర.

సెట్టింగులు త్వరగా చెప్పేస్తాను. షటర్ 1/2000 కంటే తగ్గించకు. ఫోకస్, కదిలే పక్షిని వదలకుండా వెంటాడే సర్వో మోడ్‌లో ఉండాలి. లెన్సు పక్కన ఫోకస్ దూరం మీట ఉంటుంది, దాన్ని పది మీటర్ల నుంచి అనంతం వరకు అన్న చోట పెట్టు. పక్షి వచ్చే వైపు అంతే దూరంలో ఉన్న చెట్టు మీద ముందే ఫోకస్ చేసి ఉంచుకో. మొదటే 600కు పోకుండా 300 దగ్గర పక్షిని పట్టుకుని, తర్వాత జూమ్ చెయ్యి.

నలుపు సంగతి వేరు. కెమెరా ఆకాశపు వెలుగు చూసి బెదిరి, అంతా తగ్గించేస్తుంది. అదే పక్షి పచ్చటి కొండ ముందుకొస్తే లెక్క తలకిందులై, పక్షి తెల్లబోతుంది. నిజానికి దాని మీద పడే ఎండ మారలేదు కదా. అందుకే నేను ఆటోను నమ్మను. మంచి ఎండలో మాన్యువల్‌లో 1/2000, ఎఫ్ 6.3 (లెన్సు రంధ్రం ఎంత తెరవాలో), ఐఎస్ఓ 400 (వెలుగుకు కెమెరా ఎంత స్పందించాలో) పెట్టి మొదలుపెడతాను. పొద్దున్నే అయితే 800. గరుడ గద్దకు మాత్రం జాగ్రత్త: ఒళ్లు ఇటుక రంగు, తల తెలుపు. ఒళ్లు చూసి వెలుగు పెంచితే తల మరీ తెల్లబోయి, దాని మీద ఈకలే కనిపించవు.

అన్నిటికంటే ముఖ్యం ఎక్కడ నిలబడ్డావన్నది. తిరుపతి వైపు కొండ ముఖం దక్షిణానికి ఉంది. అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా సూర్యుడు దక్షిణంగా నడుస్తాడు కాబట్టి, కొండ కింద నిలబడితే ఎండ నీ వీపు మీద, గద్ద ఒంటి మీద ఉంటుంది. మే, జూన్‌లలో మధ్యాహ్నం సూర్యుడు నడినెత్తికి కూడా ఉత్తరంగా జరుగుతాడు. అప్పుడు ఆ కొండ ముఖమే నీడలోకి పోతుంది, పక్షి గురించి చెప్పేదేముంది? గాలి కూడా చూసుకో. గద్ద కొమ్మ వదిలేది గాలికి ఎదురుగానే. గాలి, ఎండ రెండూ నీ వెనక ఉన్న రోజు అది నీ ముఖంలోకే ఎగిరి వస్తుంది.

పక్షి తల మీదుగా పోతే కడుపు భాగం నీడలోనే ఉంటుంది, తీసి లాభం లేదు. వంగి మలుపు తిరిగే క్షణం కోసం ఆగు. స్వర్ణముఖి ఎండిన చోట ఇసుకలో నిలబడి చూడు. ఇసుక మీంచి తిరిగొచ్చే వెలుగు రెక్కల అడుగున పడుతుంది, ఒక్కో ఈక గీసినట్టు కనిపిస్తుంది. బొమ్మలు గీసినవాణ్ణి, ఆ వెలుగంటే నాకు కొంచెం పక్షపాతం.

పీలేరు నుంచి:
మాస్టారి మాన్యువల్ పద్ధతి నిలకడైన ఎండకు సరే. కార్తీకంలో మబ్బులు వచ్చి పోతుంటే ఐఎస్ఓ తిప్పేలోపు గద్ద తలకోన చేరుతుంది. షటర్, ఎఫ్ మనం బిగించి, ఐఎస్ఓ ఆటోకు వదిలేయడం మేలు. ఆకాశం వెనక ఉంటే ఎక్స్‌పోజరు ఒక స్టాపు (అంటే వెలుగు రెట్టింపు) పెంచండి, చాలు.

సాధన కావాలంటే ఆదివారం చికెన్ దుకాణాల వెనకకు వెళ్లండి. నల్లగద్దలు గుంపుగా దిగుతాయి. నాలుగు ముక్కలు విసిరితే ఇంకా దగ్గరికి వస్తాయి.

చంద్రగిరి డ్రాయింగు మాస్టారు:
మబ్బు రోజున మీ మాటే సరి. ముక్కలు విసరడం మాత్రం వద్దు. మనిషి చేతి వైపు దూకడం అలవాటైన గద్ద రేపు బడి పిల్లవాడి చేతిలో తినుబండారం మీద దూకుతుంది, అప్పుడు రాళ్లు తినేది గద్దే. దుకాణం వెనక తనంతట తాను దిగేదాన్ని తీసుకోండి, అభ్యంతరం లేదు.

నా సలహా రాయలచెరువు గట్టు. గరుడ గద్ద నీటి మీద చేపను కాళ్లతో తన్నుకుపోయి, ఒక్కోసారి గాలిలోనే తింటుంది. అప్పుడు కాళ్లు ముందుకు చాచి, మెడ కిందికి వంచి, తోక పూర్తిగా విప్పుతుంది. వేగం తగ్గుతుంది. పాత కెమెరా ఫోకస్‌కు కూడా ఆ కాస్త సమయం సరిపోతుంది. అంతకంటే తేలిక కావాలంటే పొలాల మీద ఒకేచోట రెక్కలాడిస్తూ నిలబడే అడవి రామదాసును వెతుకు. బూడిద రంగు ఒళ్లు, నల్ల భుజాలు, ఎర్ర కళ్లు. ఎలుక కోసం చూస్తూ అది ఆగినంతసేపూ నీదే.

కొర్లగుంట కుర్రాడు:
ధన్యవాదాలు మాస్టారూ. సర్వీసు ఆలోచన మానుకున్నాను. ఇంకొక్క మాట: కొండ లోపలికి వెళ్లి గూడు దగ్గర తీయవచ్చా? స్నేహితుడి దగ్గర డ్రోన్ కూడా ఉంది.

చంద్రగిరి డ్రాయింగు మాస్టారు:
రెండూ వద్దు. ఆ అడవి శ్రీ వేంకటేశ్వర జాతీయ ఉద్యానవనం, అటవీ శాఖ అనుమతి లేకుండా అడుగు పెట్టకూడదు. తిరుమల మీద డ్రోన్ నిషేధం. గూడు దగ్గరికి పోతే తల్లి లేచిపోతుంది, గుడ్లు ఎండకు మాడతాయి, లేదా కాకుల పాలవుతాయి. 1972 వన్యప్రాణి చట్టం కూడా ఒప్పుకోదు. ఆదివారం ఆరున్నరకు రాయలచెరువు గట్టు మీద ఉంటాను, రావాలనిపిస్తే రా. తెల్ల చొక్కా మాత్రం వేసుకురాకు.