డాబా మీద పెద్ద ఆంటెన్నా పెట్టుకోవచ్చా? కేసులేమైనా అవుతాయా?

జీడితోట:
మాది మందస దగ్గర, కొండ కింద ఊరు. ఇంట్లో సిగ్నల్ ఒక్క గీత. ఒక్కోసారి అవతల ఒడిశా టవర్‌ని పట్టుకుంటుంది. ఫోన్ మోగితే అమ్మ మోకాళ్ల నొప్పితో మెట్లెక్కి నీళ్ల ట్యాంకు పక్కన కుర్చీలో కూర్చుని మాట్లాడుతుంది. పడిపోతుందేమోనని నాకు టెన్షన్. టౌన్‌లో ఒక కొట్టువాడు 6,500కి బూస్టర్ డబ్బా (సిగ్నల్‌ని పెంచి పంపేది), బయట ఆంటెన్నా బిగిస్తానన్నాడు. 500 అడ్వాన్స్ ఇచ్చేశాను. "లైసెన్స్ గట్రా అక్కర్లేదు" అంటాడు. అమ్మేమో "ఆ కిరణాలు తలకి తగిలితే ఏటి గతి?" అంటోంది.

పలాసబండి:
మా బావమరిది ఇంట్లో రెండేళ్లుగా ఉంది బ్రదర్. ఎవడూ రాలేదు.

రాగితీగ:
ఎవరూ రాకపోతే తప్పు కాకుండా పోదండీ. నేను టవర్ల పనిలో పదేళ్లున్నాను. లైసెన్స్ లేని రేడియో పరికరం దగ్గర ఉంచుకోవడమే 1933 నాటి వైర్‌లెస్ చట్టం ప్రకారం నేరం. 2023 టెలికాం చట్టంలోనూ అనుమతి లేకుండా ఉంచుకోకూడదనే ఉంది. బూస్టర్ మీ మాటతో పాటు గోలని కూడా పెంచి టవర్ మీదికి తోస్తుంది. లోపలి ఆంటెన్నా, బయటిది దగ్గరగా ఉంటే ఇంకా ఘోరం. భజనలో మైకుని స్పీకర్‌కి ఎదురుగా పెడితే కూత పెడుతుందే, అలాగే. అప్పుడు ఊరందరి కాల్స్ తెగుతాయి.

మీకు కావలసింది సిమ్ వేసుకునే, ఆంటెన్నా సాకెట్లున్న 4జీ రౌటర్, ఆమోదం ఉన్నది. దానికి టవర్ వైపు తిప్పిన ఆంటెన్నా. ఆ ఆంటెన్నాలో సిగ్నల్ శక్తిని పెంచే ఆంప్లిఫయర్ ఉండదు, ఉన్న శక్తినే ఒక దిక్కుకి మళ్లిస్తుంది. కొట్టువాళ్లు చెప్పనిది కేబుల్ సంగతి. సిగ్నల్ పెంపుని కొలిచేది డెసిబెల్స్‌లో. 12 డెసిబెల్స్ ఆంటెన్నా కొని, పది మీటర్ల సన్న కేబుల్ వేస్తే 4జీ వాడే 1800 మెగాహెర్ట్జ్ బ్యాండ్‌లో ఆ కేబులే ఏడు దాకా తినేస్తుంది. రౌటర్‌ని మెట్ల గదిలో పైనే పెట్టి, ల్యాన్ వైరు (ఇంటర్నెట్ తీగ) కిందికి దించి ఇంకో వైఫై డబ్బాకి కలపండి. అమ్మగారి ఫోన్‌లో వైఫై కాలింగ్ (కాల్స్ వైఫై మీదుగా వెళ్లే సెట్టింగ్) ఆన్ చెయ్యండి.

కిరణాల మాటకొస్తే, 4జీ ఫోన్ మహా అయితే 200 మిల్లీవాట్లు పంపుతుంది. సిగ్నల్ లేనిచోటే అంత పంపేది, అదీ చెవి పక్కనే. రౌటర్ పైన ఉంటే ఫోన్ టవర్‌తో కాక పక్కనున్న వైఫై డబ్బాతో మాట్లాడుతుంది, ఆ బాధ తగ్గుతుంది, ఆంటెన్నా ముందు మొహం పెట్టి నిలబడకపోతే చాలు. నాకు భయం ఆంటెన్నా బిగించే ఇనుప గొట్టంతోనే. ఎత్తేటప్పుడు కరెంటు తీగకి తగిలితే మనిషి మిగలడు. 2018లో తిత్లీ తుఫానుకి ఎన్ని డిష్ గొడుగులు ఎగిరాయో చూశారుగా! గట్టిగా బిగించి ఎర్తింగ్ చేయించండి.

జీడితోట:
మూడు వారాలైంది అన్నా, మీరన్నట్టే పెట్టించాను. మొదట కొండ వైపు తిప్పి ఒక పూట వృథా చేశాను, సోంపేట వైపు తిప్పాక అందుకుంది. అమ్మ ఇప్పుడు వంటింట్లోంచే మాట్లాడుతోంది. కుర్చీని మాత్రం ట్యాంకు దగ్గర నుంచి తియ్యనివ్వట్లేదు, సాయంత్రం గాలికి కావాలంట. అడ్వాన్స్ 500 అడిగితే కొట్టువాడు ఫోన్ ఎత్తట్లేదు.