కాలేజ్ ఫుట్‌బాల్ 26 డైనాస్టీలో ఏ టీం తీసుకుంటే బాగుంటాది? కాస్త చెప్పండి గురూ

సిక్కోలు_గేమర్:
అందరికీ నమస్తే. మాది శ్రీకాకుళం. మా అన్నయ్య అమెరికాలో టెక్సస్ డెంటన్‌లో ఎమ్మెస్ చేస్తన్నాడు, పండక్కి వచ్చినప్పుడు పీఎస్5 తెచ్చి దాంతోపాటు ఈఏ వాళ్ల కాలేజ్ ఫుట్‌బాల్ 26 డిస్క్ కూడా చేతిలో పెట్టి ఎల్లిపోయాడు. మన ఫుట్‌బాల్ కాదు, అమెరికా వాళ్లది. నాలుగు డౌన్లు అంటే నాలుగు ఛాన్సులు, వాటిల్లో పది గజాలు ముందుకెళ్లాలి, ఆ గొడవంతా ఇప్పుడిప్పుడే బుర్రకెక్కుతోంది. ఆడ్డం కంటే నాకు కోచింగ్ తెగ నచ్చేసింది, అదే డైనాస్టీ మోడ్, రిక్రూటింగ్ అంటే కుర్రాళ్లని వెతికి తెచ్చుకోడం అదీ. కానీ టీం సెలెక్ట్ చేద్దామని చూస్తే 136 ఉన్నాయి బాబూ, సగం పేర్లు ఎప్పుడూ విన్లేదు. యూట్యూబ్‌లో అందరూ జార్జియా, ఒహాయో స్టేట్ అంటన్నారు, అన్నయ్యేమో వాళ్ల నార్త్ టెక్సస్ తీస్కోమని ప్రాణం తీస్తన్నాడు. ఇంకోటేటంటే మావోళ్లు చాలామంది యూటీ డాలస్‌లో, యూటీ ఆర్లింగ్టన్‌లో ఉన్నారు కదా, ఆ రెండూ ఎంత వెతికినా లిస్టులో లేవు, ఇది బగ్గేటి? మ్యాచులు సగం సిమ్ చేసేస్తాను, అంటే కంప్యూటర్‌కే ఒగ్గేస్తాను, రిక్రూటింగ్ మాత్రం నేనే చూస్కుంటాను. 30 సీజన్లు ఉంటాదంట, మధ్యలో బోర్ కొట్టి ఒగ్గేయకూడదు, అదొక్కటే నా కండిషన్.

బొబ్బిలి_బ్లిట్జ్:
కొత్తోడివి కాబట్టి పెద్ద టీంతోనే మొదలెట్టు తమ్ముడూ, మొహమాటం ఏమీ వద్దు. జార్జియా 2021, 2022 రెండేళ్లు వరసగా ఛాంపియన్లు, ఒహాయో స్టేట్ 2024 ఛాంపియన్. ఇలాంటి వాటిల్లో బెంచీ మీద కూర్చున్నోడు కూడా బయట టీంలో స్టార్ అయిపోతాడు, నువ్వు తప్పు ప్లే కాల్ చేసినా ఆడేవాడి దమ్ము వల్ల బయటపడిపోతావు, ఈ లోపల గేమ్ నేర్చుకుంటావు. ఇంకో మాట, హోమ్ గ్రౌండ్ గోల చిన్న విషయం అనుకోకు. టెక్సస్ ఏ అండ్ ఎమ్ వాళ్ల కైల్ ఫీల్డ్‌కి వెళ్లి ఆడి చూడు, జనం అరుపులకి స్క్రీన్ ఊగిపోతుంది, స్నాప్‌కి (బంతి ఆటలోకి వచ్చే క్షణానికి) ముందు ప్లే చూసుకుందామంటే బంతి పట్టే రిసీవర్ ఎటు పరిగెత్తాలో చూపించే గీతలు వంకర టింకరగా వణుకుతుంటాయి, ఏది స్లాంటో ఏది ఫేడో (అవి ఆ పరుగు దారుల పేర్లు) తెలిసి చావదు. అనుభవం ఉన్న క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరేవాడు) లేకుండా అక్కడికి చిన్న టీంతో వెళ్తే ఏడుపే.

డెంటన్_ఈగల్:
ముందు నీ బగ్ సంగతి. బగ్ కాదు. యూటీ డాలస్‌కి ఈ ఫుట్‌బాల్ టీమే లేదు, యూటీ ఆర్లింగ్టన్ వాళ్లు 1985 సీజన్ అయ్యాక మూసేశారు. టెక్సస్‌లోనే కామర్స్ అనే ఊళ్లో మనవాళ్లు బోలెడుమంది ఉంటారు చూడు, వాళ్లకి టీం ఉంది గానీ అది ఎఫ్‌సీఎస్ లెవెల్, గేమ్‌లో పై లెవెల్ అయిన ఎఫ్‌బీఎస్ వాళ్లే ఉంటారు. కాబట్టి డాలస్ చుట్టుపక్కల మన తెలుగు పిల్లలు చేరే వాటిల్లో పెద్దగా మిగిలేది మీ అన్నయ్య వాళ్లదే.

ఇప్పుడు అసలు విషయం, నువ్వు రిక్రూటింగ్ నేనే చేస్తాను అన్నావు కదా, అక్కడే నీకు ఆన్సర్ ఉంది. టీం ఓవరాల్ రేటింగ్ ఎంత అని చూడకు, టీం ఏ ఊళ్లో ఉందో చూడు. ఆటగాళ్లు ఎక్కువ పుట్టేది టెక్సస్, ఫ్లోరిడా, జార్జియా, కాలిఫోర్నియాలో. వెయిట్‌లిఫ్టింగ్ కుర్రాళ్లు కావాలంటే కొండవెలగాడ వెళ్తాం గానీ హైటెక్ సిటీలో వెతుకుతామా, ఇదీ అంతే. గేమ్‌లో దీన్ని పైప్‌లైన్ అంటారు, ఒక్కో ఏరియాకి ఒక్కోటి, నీ కోచ్‌ని తయారు చేసేటప్పుడే పైప్‌లైన్ అడుగుతుంది, అది నీ కాలేజీ ఉన్న ఏరియాదే పెట్టుకుంటే ఆ పక్క కుర్రాళ్లు తొందరగా నీవైపు మొగ్గుతారు. పైగా చాలామంది కుర్రాళ్లకి ఇంటికి దగ్గరగా ఉండాలని కోరిక ఉంటుంది, దానికి వేరే గ్రేడే ఉంది. డెంటన్‌లో కూర్చుంటే డాలస్, ఫోర్ట్ వర్త్ స్కూళ్లన్నీ నీ గుమ్మం ముందే.

రిక్రూటింగ్ బోర్డు (నువ్వు వెంటపడే కుర్రాళ్ల లిస్టు) మీద 35 మందిని పెట్టుకోవచ్చు. స్కాలర్‌షిప్ ఆఫర్ చెయ్యడానికి నీకిచ్చే రిక్రూటింగ్ గంటల్లో ఒక్కొక్కడికి 5 గంటలే ఖర్చు, అదే ‘సెండ్ ద హౌస్’ అని పూర్తిగా మీద పడిపోతే వారానికి 50 గంటలు పోతాయి. చిన్న కాలేజీకి గంటలు తక్కువిస్తారు, అందుకని అయిదు స్టార్ల రేటింగ్ ఉన్న టాప్ కుర్రాడి వెనక పడ్డం శుద్ధ దండగ, వాడు అలబామా లాంటి పెద్ద కాలేజీ టోపీ పెట్టుకుని వెళ్లిపోతాడు. నువ్వు మూడు స్టార్లవాళ్లని పట్టు, స్కౌట్ చెయ్యి, అంటే వాడి అసలు సత్తా చూడు, పేరు పక్కన పచ్చ రత్నం గుర్తు వస్తే వాడు రేటింగ్ కంటే బాగా ఆడేవాడు, ఎర్ర గుర్తు పడితే వెంటనే బోర్డు మీంచి తీసెయ్. ఆ పచ్చ గుర్తు పడ్డప్పుడు వచ్చే కిక్కు జార్జియా తీసుకున్నోడికి జన్మలో రాదు, ఎందుకంటే వాడికి దాని అవసరమే లేదు.

బోర్ అన్నావు కదా. పెద్ద టీంలో రెండో సీజన్‌కే కప్పు కొట్టేస్తావు, ఆ తర్వాత మిగతా సీజన్లు ఏం చేస్తావ్?

పలాస_జీడిపప్పు:
ఓర్నాయనో ఈగల్ గారు పెద్ద క్లాసే పీకేరు. అన్నీ కరెక్టే గానీ టెక్సస్ కూడా ఈజీయే అండి, ఇంట్లో బంగారం పెట్టుకుని పేదోణ్ని అన్నట్టు. దమ్ముంటే కెంట్ స్టేట్ తీస్కో గురూ, 2024లో 12 ఆడితే 12 ఓడిపోయారు, ఒక్క గెలుపు కూడా లేదు. అక్కడ్నించి పైకి లాగితే అదీ కోచింగంటే. లేకపోతే హవాయి, సముద్రం మధ్యలో ఎవడొస్తాడు చెప్పు, అది నిజంగా నరకం, కానీ ఆ జెర్సీలు బాగుంటాయి.

బొబ్బిలి_బ్లిట్జ్:
కొత్తగా ఆడే కుర్రాడికి కెంట్ స్టేట్ చెప్తావేంటి జీడిపప్పూ, వాడు రెండో రోజుకే ఆ పీఎస్5 ఓఎల్‌ఎక్స్‌లో పెట్టేస్తాడు.

విజీనగరం_వైడ్‌అవుట్:
నేను ఇద్దరి మధ్యలో. హెడ్ కోచ్‌గానే మొదలెట్టాలని రూలేమీ లేదుగా, ఎవరూ చెప్పలేదేంటి? హెడ్ కోచ్ కింద దాడి చూసే అఫెన్సివ్ కోఆర్డినేటర్‌గానో కాపు చూసే డిఫెన్సివ్ కోఆర్డినేటర్‌గానో కూడా చేరొచ్చు. పెద్ద టీంలో కోఆర్డినేటర్‌గా చేరి ఆట నేర్చుకో, లెవెల్స్ పెంచుకో, తర్వాత ఎక్కడో చిన్న కాలేజీ వాడు హెడ్ కోచ్ జాబ్ ఇస్తానంటే తీసుకుని వెళ్లిపో. నిజం కోచ్‌లు కూడా పైకొచ్చేది ఎక్కువగా ఇలాగే. 30 సీజన్లు ఒకే చోట పాతుకుపోవాలని ఎవరన్నారు, మన టీచర్లకి ట్రాన్స్‌ఫర్లు అయినట్టు కాదు, ఇక్కడ నీ ఇష్టం మీద మారొచ్చు.

అన్నట్టు చిన్న కాన్ఫరెన్స్ (కాలేజీల లీగు) అంటే కప్పు అవకాశం ఉండదని భయపడకు. 2024 నుంచి ప్లేఆఫ్‌కి 12 టీంలు వెళ్తున్నాయి, 2024, 2025లో అయితే ర్యాంకు బాగున్న అయిదుగురు కాన్ఫరెన్స్ ఛాంపియన్లకి సీటు గ్యారంటీగా ఇచ్చారు. ఆ మొదటి ఏడాదే బాయిసీ స్టేట్, అదే నీలం రంగు గ్రౌండ్ ఉంటది చూడు వాళ్లు, మూడో సీడ్‌గా వెళ్లారు. పెన్ స్టేట్ చేతిలో 31-14 ఓడారనుకో, అయినా అక్కడిదాకా వెళ్లారు కదా. కాబట్టి నార్త్ టెక్సస్‌తో అమెరికన్ కాన్ఫరెన్స్ గెలిచి ర్యాంకు పైన ఉంచుకుంటే దారి ఉంది.

సిక్కోలు_గేమర్:
అందరికీ థాంక్స్ అన్నయ్యలూ. కెంట్ స్టేట్ మాత్రం నా వల్ల కాదు బాబోయ్. కోఆర్డినేటర్ ఐడియా బాగుంది గానీ నేను హెడ్ కోచ్‌గానే పోతాను, నార్త్ టెక్సస్ ఫిక్స్, అన్నయ్యకి ఇప్పుడే చెప్పకండి ఎగిరెగిరి పడతాడు. రెండు డౌట్లు. కోచ్ టైప్ అడుగుతోంది, మోటివేటర్, రిక్రూటర్, టాక్టీషియన్ అని మూడున్నాయి, ఏది నొక్కాలి? రెండోది, కుర్రాళ్లని బాగా తయారు చేశాక పెద్ద కాలేజీలోళ్లు ట్రాన్స్‌ఫర్ పోర్టల్‌లో (కాలేజీ మారాలనుకునేవాళ్ల లిస్టు) ఎగరేస్కుపోతారంట కదా, అదేటి అన్యాయం, ఆపడానికి లేదా?

డెంటన్_ఈగల్:
రిక్రూటర్ నొక్కు, ఆలోచించకు. చిన్న టీంకి మొదటి రెండేళ్లు కుర్రాళ్లే దిక్కు, టాక్టీషియన్ వేషాలు తర్వాత వేద్దువుగాని.

పోర్టల్ బాధ పూర్తిగా తప్పదు, బయట నిజంగా జరిగేదీ అదే. కానీ ఒకటి చెయ్యొచ్చు. ప్రతి కుర్రాడికీ ఒక డీల్‌బ్రేకర్, అంటే అది లేకపోతే ఉండననే షరతు, ఉంటుంది, ఒకడికి ఆడే ఛాన్స్, ఒకడికి ఛాంపియన్‌షిప్, ఒకడికి టీవీలో కనబడ్డం, అలా. ఆ విషయంలో నీ కాలేజీ గ్రేడు వాడు అడిగిన దానికంటే కిందకి పోతే వాడు బ్యాగు సర్దేస్తాడు. కాబట్టి బోర్డు మీద పెట్టేటప్పుడే చూసుకో, ‘ప్లేయింగ్ టైమ్’ డీల్‌బ్రేకర్ ఉన్నవాళ్లు చిన్న టీంకి బంగారం, ఎందుకంటే ఆడించడం నీ చేతిలో ఉంది. అదే ‘బ్రాండ్ ఎక్స్‌పోజర్’ (టీవీలో కనబడ్డం) కావాలన్నవాడిని తెస్తే ఏడాది తిరక్కుండా దండం పెట్టి పోతాడు. క్వార్టర్‌బ్యాకులు ముగ్గుర్ని ఒకేసారి తేకు, ఇద్దరు అలుగుతారు.

పోర్టల్ నీకూ పనికొస్తుంది అది మర్చిపోకు. సీజన్ అయ్యాక నాలుగు వారాలు తెరిచి ఉంటుంది, పెద్ద కాలేజీల్లో ఛాన్స్ దొరక్క బయటికొచ్చిన టెక్సస్ కుర్రాళ్లు ఇంటికి దగ్గరని నీ దగ్గరికి వస్తారు. ఆశపడి అందర్నీ తెచ్చేసుకోకు, రోస్టర్, అంటే టీం మొత్తం, 85 మంది దాటకూడదు, దాటితే సీజన్ మొదలయ్యేలోపు నువ్వే కొందర్ని పంపించెయ్యాలి.

పలాస_జీడిపప్పు:
సరే గానీ సిక్కోలు బ్రదరూ, మ్యాచులు సిమ్ చేస్తానన్నావు కదా, వారాలు బేగి దాటించే ముందు సెట్టింగ్స్‌లో రిక్రూటింగ్ ఆటోలో ఉందేమో ఓసారి చూస్కో, లేకపోతే నీ 35 మందినీ కంప్యూటరే సర్దేస్తాది.