రొట్టె లోపల బంకబంకగా వస్తోంది, గింజలో తప్పుందా?

ఓవెన్‌దగ్గర
కొత్త గోధుమ పిండి మొదలుపెట్టి పది రోజులైంది. రొట్టె పైన తొందరగా నల్లబడుతోంది, లోపల మాత్రం తడి. కోస్తుంటే కత్తికి జిగురులా అంటుకుంటోంది. ఈస్ట్ మార్చాను, నీళ్లు తగ్గించాను, ఇంకాస్త ఎక్కువసేపు కాల్చాను. ఉహూఁ. ప్రొటీన్ పాత పిండిలో ఎంతో ఇందులోనూ అంతే. ఎవరికైనా ఇలా అయిందా?

మిల్లుమనిషి
ప్రొటీన్ సంగతి వదిలేయండి, ఫాలింగ్ నంబర్ ఎంతో అడగండి, గింజ మొలక వల్ల ఎంత పాడైందో చెప్పే పరీక్ష అది. మీరు చెప్పేవన్నీ మొలకెత్తిన గోధుమ లక్షణాలే.

కోతలరైతు
మా చేలో ఒకసారి అచ్చం ఇదే జరిగింది. పైరు పండి ఎండింది, రేపు కోద్దామనుకుంటే ముసురు పట్టింది. నాలుగు రోజుల తర్వాత వెన్ను అరచేతిలో నలిపి చూస్తే గింజ ముక్కు దగ్గర పొట్టు చిట్లి తెల్లటి చుక్క కనిపించింది. కొన్నిటికి సన్నటి వేరు కూడా. ఆ మడి పక్కన పెట్టి మిగతాది కోశాం. అయినా మిల్లు వాళ్లు లారీ మొత్తం వెనక్కి పంపారు. కంటికి బాగున్న గింజ కూడా పనికిరాదన్నారు. అప్పుడు కోపం వచ్చింది కానీ వాళ్లన్నది నిజమే.

ల్యాబులోఉంటా
నిజమేనండి. మొలక బయటికి కనిపించేలోపే లోపల పని మొదలైపోతుంది. గింజ తడవగానే పిండం నుంచి జిబ్బరెల్లిన్ అనే హార్మోన్ వెళ్తుంది, దాంతో తవుడు కిందున్న అల్యూరోన్ పొర ఆల్ఫా అమైలేజ్ అనే ఎంజైమ్‌ను తయారుచేస్తుంది. దాని పని స్టార్చ్‌ను ముక్కలు చేసి చిన్న మొక్కకు తిండి పెట్టడం. గింజ వైపు నుంచి చూస్తే అది తప్పేం చేయలేదు, ఇబ్బంది మనకే!

ఓవెన్‌లో వేడి 60 డిగ్రీలు దాటాక స్టార్చ్ ఉబ్బి మెత్తబడుతుంది. ఎంజైమ్ మాత్రం 75, 80 దాకా చావదు. ఆ మధ్యలోనే నష్టమంతా. నీటిని పట్టి ఉంచాల్సిన స్టార్చ్ తెగిపోతుంది కాబట్టి లోపల బంక, చక్కెర పెరుగుతుంది కాబట్టి పైన నలుపు.

ఫాలింగ్ నంబర్ పరీక్ష కష్టమేం కాదు. 7 గ్రాముల పిండి, 25 మిల్లీలీటర్ల నీళ్లు గొట్టంలో పోసి మరిగే నీళ్లలో పెట్టి 60 సెకన్లు కలిపి పుల్లను వదులుతాం. కలిపిన సమయంతో సహా అది కిందికి దిగడానికి పట్టిన సెకన్లే ఆ నంబర్. 300 దాటితే గింజ నిక్షేపం. 200 లోపైతే రొట్టెకు వద్దు. అలాగని 400 దాటినా సంబరపడక్కర్లేదు, ఎంజైమ్ మరీ తక్కువై రొట్టె సరిగా పొంగదు, కాస్త మాల్ట్ (మొలకెత్తించి ఆరబెట్టిన గింజల పొడి) కలుపుకోవాలి.

కోతలరైతు
మరి చినుకు పడకుండానే నంబర్ పడిపోయిన గోధుమ చూశాను. అదేంటి?

ల్యాబులోఉంటా
అది వేరే జబ్బు. గింజ పాలు పోసుకుని గట్టిపడే దశలో ఒక్కసారిగా చలి తగిలితే కొన్ని రకాల్లో మొలక లేకుండానే అమైలేజ్ పెరుగుతుంది. కంటితో పట్టుకోలేం. విత్తనం ఎంచుకునేటప్పుడే ఆ గుణం లేని రకం చూసుకోవాలి.

ఓవెన్‌దగ్గర
రిపోర్టు తెప్పించాను. 168! ఇంట్లో ఇంకా 350 నంబర్ పిండి ఉంది. సగం సగం కలిపితే సగటున 259 వస్తుంది, సరిపోతుందా?

మిల్లుమనిషి
ఆగండి ఆగండి! ఇక్కడే అందరూ బోల్తా పడతారు, నేనూ పడ్డాను. ఈ నంబర్లకు సగటు కట్టకూడదు. నంబర్‌లోంచి 50 తీసి, దాంతో 6000ను భాగించి, వచ్చినవాటికి సగటు కట్టాలి. మీ 168కి దాదాపు 51, 350కి 20. సగం సగం అయితే 35 చిల్లర. వెనక్కి లెక్కేస్తే, అంటే దాంతో 6000ను భాగించి 50 కలిపితే, 220 దగ్గర తేలుతుంది. 250 కావాలంటే నూరు కిలోల్లో చెడ్డ పిండి 32 కిలోలు మించకూడదు.

ఓవెన్‌దగ్గర
అమ్మో, అంత తేడానా!

పులిసినపిండి
మధ్యలో వస్తున్నా. పిండిని బాగా పులియబెట్టి చూడండి. పులుపుకు ఆ ఎంజైమ్ జోరు తగ్గుతుంది, రై అనే ధాన్యంతో రొట్టెలు చేసేవాళ్లది పాత కిటుకే. కానీ 168 నంబర్ పిండిని అదొక్కటే కాపాడలేదు. బిస్కెట్లలో అయితే తేడా అంతగా తెలియదు.

కోతలరైతు
మిగిలింది బూజు పట్టకపోతే పశువుల దాణాకు వాడుకోవచ్చు. విత్తనానికి మాత్రం దాచకండి. ఒకసారి మొలక కదిలిన గింజ నిల్వకు ఆగదు. ఈ ఏడాది నేను గింజలో తేమ కాస్త ఎక్కువగా ఉన్నప్పుడే కోసి డ్రయ్యర్‌లో ఆరబెట్టాను. ఖర్చైంది గానీ మబ్బు చూసి టెన్షన్ పడలేదు.

ఓవెన్‌దగ్గర
32 పాళ్ల లెక్కన కలిపి ఈ రోజు నాలుగు రొట్టెలు కాల్చాను. కత్తి శుభ్రంగా వచ్చింది. రొట్టె పైభాగం ఇంకా కాస్త ముదురుగానే ఉంది, రేపు వేడి కొంచెం తగ్గించి చూస్తా.