పీతల ఉచ్చుకీ, ఒడ్డు మీద నుంచి చేపలకీ ఒకే సర్ఫ్ రాడ్ సరిపోతుందా?

సూర్యలంక (ప్రశ్న):

అందరికీ నమస్కారం. మేము కాలిఫోర్నియాలో, ఫ్రీమాంట్‌లో ఉంటున్నాము. నవంబరు మొదటి శనివారం డంజినెస్ అనే రకం పీతల వేట మొదలయ్యేలోగా ఒక సర్ఫ్ రాడ్, అంటే ఒడ్డు నుంచి అలల్లోకి విసిరే పొడవాటి గాలపు కర్ర, కొనాలని అనుకుంటున్నాను. పోయిన ఏడు ఒక మిత్రుడితో పసిఫికా ఒడ్డుకు వెళ్ళినప్పుడు, అక్కడివారు పడవ లేకుండా, ఇసుక మీద నిలబడే ఉచ్చులు విసిరి పీతలను లాగడం చూశాను. ఎర కూరిన చిన్న డబ్బా, దాని చుట్టూ మందపాటి నైలాన్ తీగతో వేసిన ఆరు జారుముడులు, ఒక సీసం గుండు, ఇవన్నీ కలిపితే ఒక ఉచ్చు, ఇంతే సరంజామా. బాపట్ల దగ్గర పెరిగినవాణ్ణి కాబట్టి గాలాలు, వలలు నాకు చిన్నప్పటి నుంచీ తెలిసినవే గాని, ఈ పద్ధతి మాత్రం పూర్తిగా కొత్త.

నా దగ్గర ప్రస్తుతం ఉన్నది చెరువుల్లో బాస్ చేపలకు వాడే ఏడడుగుల రాడ్ ఒక్కటే. దానితోనే ఉచ్చు విసిరి చూశాను. మూడో విసురుకే లైన్ (గాలపు దారం) తెగి, ఉచ్చు అలల్లోకి వెళ్ళిపోయింది, నా చేతిలో తేలికైపోయిన రాడ్ మిగిలింది. అందుకే ఈసారి తెలిసినవారిని అడిగి కొనాలని నిశ్చయించుకున్నాను. పది అడుగుల రాడ్ తీసుకోవాలా, పన్నెండు అడుగులదా? రాడ్ మీద ఔన్సులలో వేసే అంకెలను ఎలా అర్థం చేసుకోవాలి? పీతలు లేని నెలల్లో సర్ఫ్ పెర్చ్ చేపలకు కూడా అదే రాడ్ పనికివస్తుందా? రాడ్‌కూ, లైన్ చుట్టుకునే రీల్‌కూ కలిపి రెండు వందల డాలర్ల వరకు పెట్టగలను. మా పన్నెండేళ్ళ అబ్బాయి కూడా నాతో వస్తాడు.

ఉప్పుగాలి:

సూర్యలంక గారికి నమస్కారం. రాడ్ పొడవు సంగతి తరువాత చూడవచ్చు. ముందు మీరు విసరబోయే బరువు ఎంతో తేల్చుకోండి, ఎందుకంటే తక్కినవన్నీ దాన్ని బట్టే ఉంటాయి. నేను కొన్న మొదటి ఉచ్చు మీద నాలుగు ఔన్సులు అని రాసి ఉంటే, ఆరు ఔన్సుల వరకు మోసే రాడ్ చాలని నమ్మాను. కొన్నాళ్ళకు రాడ్ కొన చిట్లిపోయింది. అప్పుడు అనుమానం వచ్చి, స్క్విడ్ ముక్కలు నిండా కూరి, మూత బిగించిన తడి ఉచ్చును వంటగదిలో పిండి తూచే త్రాసు మీద పెట్టాను. 230 గ్రాములు చూపించింది, అంటే ఎనిమిది ఔన్సులకు పైనే. ఆ నాలుగు ఔన్సులు సీసం బరువు మాత్రమే. డబ్బా, జారుముడులు, ఎర, అది పీల్చుకున్న నీరు, ఇవన్నీ నేను లెక్కలోకి తీసుకోలేదు.

రాడ్ పిడికి కొంచెం పైన రెండు జతల అంకెలు ఉంటాయి. పౌండ్లలో ఉన్నది లైన్‌కు, ఔన్సులలో ఉన్నది విసిరే బరువుకు సంబంధించినది. ఆ రెండో జతలోని పై అంకె, మీ ఎర నింపిన ఉచ్చు బరువు కంటే కనీసం రెండు ఔన్సులు ఎక్కువ ఉండాలి. కాబట్టి ఉచ్చులకు 6 నుంచి 12 ఔన్సుల రాడ్ నిశ్చింతగా ఉంటుంది. 4 నుంచి 10 ఔన్సులది కూడా నడుస్తుంది గాని, అప్పుడు ఎర కొంచెం తగ్గించి, చిన్న ఉచ్చు వాడాలి.

బలమైన రాడ్ విసరడానికి మాత్రమే కాదు, లాగడానికి మరీ ముఖ్యం. ఉచ్చు పడిన తరువాత పది పదిహేను నిమిషాలు ఆగి, వదులైన లైన్‌ను చుట్టుకుని, రాడ్‌ను ఒక్కసారిగా వెనక్కి గట్టిగా లాగాలి. ఎర మీద కూర్చుని తింటున్న పీత కాళ్ళ చుట్టూ, డెక్కల చుట్టూ జారుముడులు బిగిసేది ఆ లాగుడుకే. మెత్తని రాడ్ అయితే ఆ బలమంతా రాడ్ వంపులోనే పోతుంది. నైలాన్ లైన్ కూడా సాగిపోయి అదే నష్టం చేస్తుంది కనుక, రీల్‌కు 50 లేదా 65 పౌండ్ల బ్రెయిడ్ లైన్ (సన్నని పోగులు అల్లి చేసిన, సాగని దారం) ఎక్కించండి. ఆపైన ఒడ్డుకు వచ్చేవరకు చుట్టడం ఆపకూడదు. లైన్ ఒక్క క్షణం వదులైతే ఉచ్చు కూడా వదులవుతుంది, పీత తన దారిన పోతుంది. ఒడ్డు దగ్గర అల వెనక్కి తీసేటప్పుడు మాత్రం బలవంతంగా లాగకండి. లైన్ బిగువు చెడకుండా పట్టుకుని నిలబడి, తరువాతి అల ఉచ్చును ముందుకు తోసేటప్పుడు దానితో పాటే చుట్టుకోండి.

మీ లైన్ తెగడానికి కారణం కూడా చెప్పాలి. బరువుకు ఔన్సుకు పది పౌండ్ల చొప్పున లైన్ చివర షాక్ లీడర్, అంటే విసురు తాకిడిని తట్టుకునే మందపాటి దారం ముక్క, ఉండాలని ఒడ్డు మీద వేటాడేవారంతా పాటించే లెక్క. ఎనిమిది ఔన్సులకు 80 పౌండ్ల నైలాన్ లీడర్ కట్టాలి, విసరడానికి సిద్ధంగా పట్టుకున్నప్పుడు కూడా అది రీల్ మీద నాలుగైదు చుట్లు ఉండేంత పొడవు ఉండాలి. తెగిన ఉచ్చు సముద్రంలోకి పోయింది కాబట్టి సరిపోయింది, అదే పక్కకు పోతే మీ ప్రక్కన నిలబడినవారికి ప్రాణాపాయం. ఈ ఒక్క విషయంలో దయచేసి ఉపేక్ష చేయకండి.

రెండోఅల:

బరువు గురించి ఉప్పుగాలి గారు చెప్పినదానితో నేను పూర్తిగా ఏకీభవిస్తున్నాను. అయితే ఒకే రాడ్‌తో రెండు పనులూ చేయాలన్న ఆలోచన మానుకోమని మీకు నా సలహా.

ఒడ్డు వెంట తిరిగే బార్డ్ సర్ఫ్ పెర్చ్ చాలా వరకు ఒకటి రెండు పౌండ్లకు మించని చేప. ఇసుకలో దూరి ఉండే చిన్న ఇసుక పీతలు దానికి ప్రధానమైన తిండి. వాటి కోసం అది మోకాలి లోతు నీటి దాకా కూడా వస్తుంది కాబట్టి, చాలాసార్లు ఇరవై ముప్పై గజాలు విసిరితే చాలు. దానికి ఒక ఔన్సు సీసం, పది పన్నెండు పౌండ్ల లైన్, సన్నని కొన ఉన్న రాడ్ కావాలి. పన్నెండు ఔన్సులు మోసే రాడ్ కొనకు ఆ చేప కొరుకు అందదు, అల తాకిందో చేప తాకిందో తేడా తెలియదు. ఇప్పుడు మీరు కొత్తగా ఖర్చు పెట్టనక్కరలేని మాట ఒకటి చెబుతాను. ఉచ్చుకు పనికిరాని మీ ఏడడుగుల బాస్ రాడ్, ప్రశాంతంగా ఉన్న రోజున పెర్చ్‌కు చక్కగా సరిపోతుంది. అలలు పెద్దవిగా ఉన్నప్పుడు లైన్‌ను అల పైనుంచి ఎత్తిపట్టడానికి తొమ్మిది అడుగుల తేలిక రాడ్ మేలు గాని, అది తరువాతి సంవత్సరం చూసుకోవచ్చు. ప్రస్తుతానికి ఆ బాస్ రాడ్‌ను అబ్బాయికి ఇవ్వండి. పదహారేళ్ళ లోపు పిల్లలకు ఇక్కడ ఫిషింగ్ లైసెన్సు అక్కరలేదు. మీకు మాత్రం ఒడ్డు మీద లైసెన్సు తప్పనిసరి.

కాబట్టి మీ డబ్బంతా ఉచ్చుల రాడ్ మీదే పెట్టండి. పొడవు విషయంలో నేను పన్నెండు అడుగులు వద్దంటాను. నా ఎత్తు ఐదడుగుల ఆరంగుళాలు. రెండేళ్ళు పన్నెండు అడుగుల రాడ్ వాడాను, గంటన్నర గడిచేసరికి భుజాలు పట్టేసి, విసురు దూరం సగానికి పడిపోయేది. పదకొండు అడుగులదానికి మారిన తరువాత పూట పొడుగునా ఒకేలా విసరగలుగుతున్నాను. అన్నట్టు, ఉచ్చును ఎప్పుడూ కొరడా ఝళిపించినట్టు విసరకూడదు. ఉచ్చును కొన నుంచి నాలుగైదు అడుగుల కిందికి వేలాడనిచ్చి, వెనుక దాని బరువు రాడ్ మీద పడే దాకా ఆగి, నెమ్మదిగా మొదలుపెట్టి ఎత్తుగా వదలాలి. అచ్చంగా కార్బన్‌తో చేసిన తేలిక రాడ్‌ల కంటే, ఫైబర్‌గ్లాస్ కలిసినవి ఈ మొరటు పనికి ఎక్కువ కాలం నిలుస్తాయి. పెన్, ఓకుమా, డైవా కంపెనీలలో మధ్య రకం ధరకే అటువంటివి దొరుకుతాయి. రీల్ 6000 నుంచి 8000 సైజులో తీసుకుని, ఇంటికి రాగానే మంచినీటితో కడగండి.

సూర్యలంక:

ఇద్దరికీ హృదయపూర్వక ధన్యవాదాలు. ఇంట్లో ఉన్న రాడ్ పెర్చ్‌కు పనికివస్తుందన్న మాట నాకు ఎంతో ఉపకరించింది. పదకొండు అడుగుల పొడవు, 6 నుంచి 12 ఔన్సుల బరువు, రెండు ముక్కలుగా విడిపోయి కారులో పట్టే రాడ్ తీసుకుంటాను. ఒక్క సందేహం మిగిలింది. మొదటి రోజు అలల పోటు లేని చోట, శాన్ ఫ్రాన్సిస్కోలో క్రిసీ ఫీల్డ్ దగ్గర మొదలుపెడితే మంచిదా?

పసిఫికా పాతకాపు:

సూర్యలంక గారూ, అక్కడ డంజినెస్ పీత పడినా మీరు తిరిగి నీళ్ళలో వదిలేయాల్సిందే. గోల్డెన్ గేట్ వంతెనకు లోపలి వైపున, అంటే శాన్ ఫ్రాన్సిస్కో, శాన్ పాబ్లో అఖాతాలలో, డంజినెస్ పీతలను పట్టడం నిషిద్ధం. అక్కడ రాతి పీతలను ఉంచుకోవచ్చు. వాటికి నాలుగు అంగుళాల వెడల్పు ఉంటే చాలు. వంతెనకు బయట ఉన్న బేకర్ బీచ్‌లో అయితే డంజినెస్ పీతలు పట్టవచ్చు, కొత్తవారు చాలామంది అక్కడే నేర్చుకుంటారు. మోంటారా దగ్గర సముద్ర రక్షిత ప్రాంతంలో మాత్రం ఏదీ తీయకూడదు కనుక, ఆ వైపు వెళితే హద్దులు చూసుకోండి.

డంజినెస్ పీత పెంకు అయిదుముప్పావు అంగుళాలు ఉండాలి, అంచున ఉండే రెండు పెద్ద ముళ్ళను కలపకుండా, వాటికి కాస్త ముందు నుంచి అడ్డంగా కొలవాలి. కొలబద్ద మీ దగ్గర ఉండి తీరాలి. మనిషికి రోజుకు పది పీతలు హద్దు. ఈ రాష్ట్రంలో ఆడ పీతలను ఉంచుకోవడం తప్పు కాదు గాని, నేను మాత్రం పొట్ట కింది రేకు వెడల్పుగా గుండ్రంగా ఉన్నవాటిని వదిలేస్తాను. బయలుదేరే ముందు రాష్ట్ర చేపల, వన్యప్రాణుల శాఖవారి ప్రకటన చూడండి. తిమింగలాలు తాళ్ళలో చిక్కుకోకుండా, తాడు కట్టి నీళ్ళలో దించే పీతల బుట్టలను ఆపిన రోజుల్లో కూడా ఉచ్చులకు సాధారణంగా అనుమతి ఉంటుంది. సముద్రపు నాచు నుంచి పీతల్లోకి చేరే డొమాయిక్ ఆమ్లం అనే విషం గురించి హెచ్చరిక ఉంటే మాత్రం దాన్ని ఖచ్చితంగా పాటించాలి. ఆ విషం ఎక్కువగా చేరేది పీత కడుపులోని పచ్చని మెత్తని భాగంలో, వంటకు అది పోదు. మన ఇళ్ళలో పులుసుకు రుచి వస్తుందని ఆ భాగాన్ని ఉంచేస్తాం గనుక ఈ మాట ప్రత్యేకంగా చెబుతున్నాను.

అబ్బాయి వస్తాడన్నారు కాబట్టి మరొకటి. ఈ తీరంలో పది నిమిషాలు చిన్న అలలే వచ్చి, ఉన్నట్టుండి ఒక పెద్ద అల ఇసుక మీద పొడి చోటు దాకా ఎక్కి, మనిషిని కాళ్ళ దగ్గర లాగేస్తుంది. చల్లని నీటిలో తడిసిన బట్టలతో లేవడం పెద్దవారికే కష్టం. సరంజామా దించే ముందు ఇరవై నిమిషాలు నిలబడి అలలు ఎంతవరకు ఎక్కుతున్నాయో చూడండి, ఆ తడి గీతకు బాగా పైన అబ్బాయి కూర్చునే చోటు గుర్తు పెట్టండి, మీరు ఉచ్చు విప్పేటప్పుడు కూడా ముఖం సముద్రం వైపే ఉంచండి. కుడి చేతి చూపుడు వేలికి తోలు తొడుగు వేసుకోవడం మరవకండి. ఎనిమిది ఔన్సుల విసురుకు బ్రెయిడ్ లైన్ తొడుగు లేని వేలిని బ్లేడులా కోస్తుంది.