స్మూతనింగ్ మానేశాక చిక్కు తడి మీద తీయాలా, పొడి మీదా?

కుదురు (చర్చ మొదలుపెట్టినవారు):
సెలూన్‌లో మందు పెట్టి జుట్టు నిటారుగా చేసే స్మూతనింగ్, రీబాండింగ్ ఆపేసి సొంత ఉంగరాల జుట్టు పెంచుకుంటున్నవాళ్లకి తల మీద రెండు రకాల జుట్టు ఉంటుంది. నెలకి సుమారు 1.25 సెంటీమీటర్ల చొప్పున ఏడాదికి ఆరంగుళాల ఉంగరాలు పైన, సాఫీ చేయించిన పాతది కింద. రెండూ కలిసే అతుకు దగ్గరే చిక్కు పడుతుంది, అక్కడే పుటుక్కున తెగుతుంది. కండిషనర్ రాసి తడి మీదే దువ్వమని కొందరు, తడి జుట్టుకి దువ్వెనే తగలనివ్వొద్దని కొందరు. ఎటు నిలబడినా కారణం కూడా రాయండి.

మందారాకు:
తడి మీదే. ఉంగరాల జుట్టుని పొడిగా దువ్వితే ఒక్కో వంపూ పక్క వెంట్రుకని కొక్కెంలా పట్టుకుని లాగుతుంది. తలని నాలుగు పాయలు చేయండి. వీపు దాకా ఉన్న జుట్టుకైతే పాయకో పెద్ద చెంచాడు కండిషనర్ పట్టించి, కిందికి నిమిరి మూడు నిమిషాలు ఆగండి. ముందు వేళ్లతో విడదీసి, తర్వాతే వెడల్పు పళ్ల దువ్వెన. చివరి రెండంగుళాలతో మొదలెట్టి మెల్లగా పైకి రావాలి. సీసా వెనక బెహెన్‌ట్రైమోనియం గానీ సెట్రిమోనియం క్లోరైడ్ గానీ ముందు వరసలో కనిపిస్తే జారుడు బాగుంటుంది. అది లేకపోతే గుప్పెడు మందారాకు నీళ్లలో నలిపిన జిగురు చాలు. పలచటి గుడ్డలోనే వడగట్టండి, తునకలు మిగిలితే అదో కొత్త చిక్కు.

నల్లత్రాచు:
మందారాకు గారూ, మీ పద్ధతి పై సగానికి సరే, కింది సగం సంగతేంటి? మందు పడిన జుట్టు నీళ్లు గబగబా పీల్చుకుని ఉబ్బుతుంది, రబ్బరులా సాగుతుంది. సాగినప్పుడు దువ్వెన లాగితే అతుకు దగ్గర తెగక ఏమవుతుంది? స్నానానికి ముందు రాత్రి రెండు చెంచాల కొబ్బరినూనె పొడి జుట్టుకి పట్టించి, పెద్ద ముడులు వేళ్లతో విప్పేయాలి. రేలే, మోహిలే 2003లో ప్రచురించిన పరిశోధనలో పొద్దుతిరుగుడు నూనె, మినరల్ ఆయిల్‌తో పోల్చి చూస్తే, జుట్టు ప్రోటీన్ పోకుండా ఆపింది కొబ్బరినూనె ఒక్కటే. ఇంకోటి, కుంకుడు రసంతో రుద్దేటప్పుడు జుట్టంతా నడినెత్తికి పోగేసి నలిపే అలవాటు మనది. సగం చిక్కు అక్కడే పడుతుంది. రసం మాడు మీద పోసుకుని, జుట్టుని కిందికి వేలాడనిచ్చి, వేలికొసలతో మాడు మాత్రమే రుద్దాలి.

ల్యాబ్‌కోటు:
ఇద్దరూ చెరో సగం జుట్టు గురించి మాట్లాడుతున్నారు. తడి మీద దువ్వే పద్ధతి చాలావరకు నల్లజాతి అమెరికన్ మహిళల దగ్గర్నుంచి వచ్చింది. వాళ్లు జుట్టు సాఫీ చేసుకోవడానికి వాడే మందుల్లో (రిలాక్సర్లు) చాలావాటిలో సోడియం హైడ్రాక్సైడ్ ఉంటుంది. మన సెలూన్లలో రీబాండింగ్‌కి వాడేది ఎక్కువగా థయోగ్లైకోలేట్. అది జుట్టుకి బలాన్నీ ఆకారాన్నీ ఇచ్చే డైసల్ఫైడ్ బంధాలని తెంపుతుంది, ఇస్త్రీ చేశాక పెరాక్సైడ్‌తో మళ్లీ కలుపుతారు. తెగినవన్నీ కలవవు కాబట్టే ఆ భాగం బలహీనం. పైగా క్షారం తగిలి వెంట్రుక మీది సహజమైన కొవ్వు పొర పోతుంది, అందుకే నీళ్లు అంత తొందరగా పీలుస్తుంది. అమెరికన్ అకాడమీ ఆఫ్ డెర్మటాలజీ సలహా కూడా జుట్టుని బట్టే ఉంది: నిటారు జుట్టైతే కాస్త ఆరనిచ్చి దువ్వాలి, బాగా రింగులు తిరిగిన జుట్టైతే తడిగా ఉన్నప్పుడే. ఇక్కడ ఒకే తల మీద రెండూ ఉన్నాయి. ఒక్క నియమం పెట్టుకుంటే ఏదో ఒక సగం దెబ్బతింటుంది.

మందారాకు:
ఒప్పుకుంటున్నాను, కింది సగానికి నా పద్ధతి మార్చుకోవాల్సిందే. అయితే వరస ఇలా ఉండాలి: ముందు రాత్రి నూనె, వేళ్లు. స్నానంలో కండిషనర్‌తో పై ఉంగరాల్ని మాత్రం దువ్వడం. కింది భాగాన్ని పాత పంచె గుడ్డలో నొక్కి, పిండకుండా, ముప్పాతిక వంతు ఆరాక విడిగా దువ్వడం. పై భాగం దువ్వేటప్పుడు అతుకుకి కాస్త పైన పాయని బొటనవేలు, చూపుడువేలు మధ్య గట్టిగా పట్టుకోండి. లాగుడు ఆ వేళ్ల దగ్గరే ఆగిపోతుంది, అతుకు దాకా రాదు. దువ్వెనకి చిక్కిన వెంట్రుకలు వెలుతురులో చూడండి. ఒక కొసన తెల్లటి చిన్న గింజ ఉంటే దానంతటది రాలినది. రోజుకి 50 నుంచి 100 రాలడం మామూలే, వారానికోసారి దువ్వితే గుత్తిగా వస్తాయి, కంగారు పడొద్దు. గింజ లేని పొట్టి ముక్కలొస్తే మాత్రం తెగుతోందన్నమాట.

బోరునీళ్లు:
హైదరాబాద్‌లో బోరు నీళ్లున్నచోట ఇదంతా చేసినా గరుకు తగ్గదు. కాల్షియం పేరుకుంటుంది. ఆఖరున లీటరు మంచి నీళ్లలో ఒక పెద్ద చెంచా వెనిగర్ కలిపి పోసుకుంటే దువ్వెన జారుతుంది. అంతకన్నా ఎక్కువ కలపొద్దు, మాడు మండుతుంది.

నల్లత్రాచు:
వరస బాగుంది. ఒక్కచోట ఒప్పుకోను: కింది సగాన్ని రెండేళ్లు కాపాడుకోవడం దేనికి? ఆరంగుళాలు పెరిగాక కత్తిరించేస్తే అతుకే ఉండదు కదా.

కుదురు:
పొడుగు జడ మీద మమకారం ఉన్నవాళ్లకి అది చెప్పినంత తేలిక కాదండీ. ఎనిమిది వారాలకోసారి అంగుళం తీయించుకుంటూ పోయినా, పెరిగేదీ దాదాపు అంతే కాబట్టి పొడుగు తగ్గదు, పాతది మాత్రం కరిగిపోతుంది. ఈలోగా రాత్రిళ్లు రెండు వదులు జడలు వేసుకోండి. రబ్బరు బ్యాండు అతుకు మీద మాత్రం పడనివ్వకండి.