గడగడ కొండా, గుడగుడ కొండా?

మొదటి టపా (బెంగళూరు నుంచి)

పోయిన ఆదివారం మారతహళ్లిలో మా అక్క ఇంటికి వెళ్లాను. మేనల్లుడు టీవీ ముందు కూర్చుని మారియో కార్ట్ అనే కార్ల పందెం వీడియో గేమ్ ఆడుతున్నాడు. ఎర్రటి లావా మీదుగా బొమ్మ కార్లు దూసుకుపోతున్నాయి. పక్కనే చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్న మా అమ్మ తలెత్తి, "అదేమిటి నాయనా, అలా కుతకుతలాడుతోంది?" అని అడిగింది. వాడు తెర మీద నుంచి కళ్లు తిప్పకుండా "జ్వాలాముఖి, అమ్మమ్మా" అన్నాడు. బడిలో కన్నడం చదువుతున్నాడు. అగ్నిపర్వతానికి కన్నడంలో వాడుక మాట అదే. మా అమ్మకు తెలిసిన జ్వాలాముఖి మాత్రం హిమాచల్ ప్రదేశ్‌లోని కాంగ్రా ప్రాంతపు అమ్మవారు. అక్కడ రాతి సందుల్లోంచి సహజవాయువు మండుతూ ఉంటుంది, కానీ అది అగ్నిపర్వతం కాదు. "అమ్మవారి మీద కార్లు నడుపుతారా?" అని ఆవిడ నిజంగానే నొచ్చుకుంది. సర్దిచెప్పడానికి కొంతసేపు పట్టింది.

ఆ ట్రాక్ ఇంగ్లీషు పేరు గ్రంబుల్ వాల్కనో. నింటెండో 2008లో తెచ్చిన మారియో కార్ట్ వీ ఆటలో మొదట వచ్చింది, 2014లో మారియో కార్ట్ 8లో మళ్లీ కనిపించింది. "గ్రంబుల్ అంటే తెలుగులో ఏమిటి మామయ్యా?" అని వాడు అడిగాడు. "గొణగడం" అని చెప్పేశాను. చెప్పిన మరుక్షణమే తప్పు చెప్పానని తెలిసింది. గొణుగుడు పెదవుల మధ్య నలిగే మాట. సణుగుడు అంతకంటే ఇంటి మాట, దానిలో ఎవరి మీదో అసంతృప్తి ఉంటుంది. కొండ ఎవరి మీద సణుగుతుంది? ఆ పిల్లవాడికి సరైన మాట బాకీ పడ్డాను. దయచేసి చెప్పండి.

జవాబు (చెన్నై నుంచి)

బాబూ, మీ అమ్మగారే సగం జవాబు చెప్పారు. కుతకుత అనేది ఎసట్లో అన్నానికీ గంజికీ వాడే మాట. చిక్కగా ఉన్నది అడుగు నుంచి బుడగలు కక్కుతూ ఉడికితేనే కుతకుత. నీళ్లయితే సలసల కాగుతాయి, నిప్పులైతే కణకణలాడతాయి, మంటలైతే భగభగ మండుతాయి. కరిగిన రాయి చిక్కన కాబట్టి ఆవిడ ఎంచిన మాటకు తిరుగులేదు.

ఇక మీ గ్రంబుల్ సంగతి. ఇంగ్లీషులో ఆకలి వేసిన కడుపు చేసే చప్పుడుకు కూడా అదే మాట వాడతారు. మనం కడుపులో గుడగుడ అంటాం. హుక్కా పీల్చినా గుడగుడే. లోపల మూసుకుపోయి బయటికి వినబడే చప్పుడు అది. ఇక్కడ తమిళులు అగ్నిపర్వతాన్ని ఎరిమలై అంటారు, అంటే మండే కొండ. ఎంత తేలికైన మాట! మీ మేనల్లుడికి పర్వతం దాకా ఎందుకు, గుడగుడ కొండ అని చెప్పండి.

జవాబు (బెంగళూరు నుంచే మరొకరు)

ఉద్యోగం కోసం జపనీస్ నేర్చుకుంటున్నాను కాబట్టి ఒక సంగతి చెప్పగలను. ఆ ట్రాక్ జపనీస్ పేరు గురగుర కజాన్. కజాన్ అంటే నిప్పు, కొండ, ఆ రెండూ కలిసిన మాట. అచ్చంగా మన అగ్నిపర్వతమే. గురగుర వినడానికి మన గుడగుడలా ఉన్నా అర్థం వేరు. అది చప్పుడు కాదు, ఊగిపోవడం. భూకంపంలో ఇల్లు కదిలినా, పన్ను వదులై కదిలినా ఆ మాటే వాడతారు.

మొదటి టపా పెట్టిన నేనే

ఇద్దరికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. జపనీస్ పేరు చదివాక మేనల్లుడి చేత ఆ ట్రాక్ మళ్లీ ఆడించి, ఈసారి రోడ్డును చూశాను. మొదటి చుట్టులో ఉన్న దారి మూడో చుట్టుకు ఉండదు. అంచులు విరిగి లావాలో పడిపోతాయి, ఇందాక సురక్షితంగా వెళ్లిన చోటే ఇప్పుడు గొయ్యి. ఇంగ్లీషువాళ్లు ఆ కొండను చెవితో విని పేరు పెట్టారు, జపాన్‌వాళ్లు కాళ్ల కింద తెలుసుకుని పెట్టారు. ఆడేవాడిని ఓడించేది చప్పుడు కాదు, కాలి కింద కదిలే నేల. అందుకే నా ఓటు గడగడకు.

గడగడ మనుషులకే చెల్లుతుంది, చలికో భయానికో వణికేవాళ్లకు వాడతాం అని నాకు విడిగా ఒకరు రాశారు. నాకు అలా అనిపించదు. నేల కంపిస్తే కిటికీ తలుపులు గడగడలాడతాయి, అటక మీది గిన్నెలూ గడగడలాడతాయి. వణుకూ చప్పుడూ ఒకే మాటలో ఉండటమే దాని బలం. కాదనాల్సింది గజగజను. అది ప్రాణం ఉన్నవాటికే నప్పుతుంది. గడగడలో ఉన్న అకారం నోరు తెరిపిస్తుంది, గుడగుడలో ఉకారం పెదవులు ముడిపిస్తుంది. విరిగిపడే కొండకు తెరుచుకున్న అక్షరమే కావాలి.

గడగడలాడే కొండ అనాలా, గడగడ కొండ అని నేరుగా అతికించవచ్చా అని కూడా ఆలోచించాను. అతికించవచ్చు. మనకు కిర్రుచెప్పులు ఉన్నాయి కదా! కిర్రు అనేది చప్పుడు, చెప్పులు నామవాచకం, మధ్యలో క్రియ లేదు. ఎన్ని తరాలుగానో పెళ్లికొడుకులు వాటిని తొడుక్కుని నడిచారు, వ్యాకరణం ఏమీ అడ్డుపడలేదు.

నిన్న సాయంత్రం ఫోనులో వాడికి చెప్పాను. రెండుసార్లు పలికి చూసి, "మరి మూడో చుట్టులో రోడ్డు విరిగేటప్పుడు వచ్చేది గడగడ కాదు కదా మామయ్యా?" అన్నాడు. వెనక నుంచి మా అమ్మ "ఫెళఫెళ" అని అందించింది.