అప్‌డేట్: పాత ఇంటికి బయట ఇన్సులేషన్, పని అయిపోయింది

అమెరికాలోని మినియాపొలిస్‌లో మా 1954 నాటి ఇంటికి సైడింగ్ (గోడల బయటి తొడుగు) మారుస్తూ, చలి ఆపడానికి బయట ఒక అంగుళం మందం ఫోమ్ పలకలు వేస్తే గోడలో చెమ్మ చేరుతుందా అని నిరుడు అడిగాను కదా. సలహా ఇచ్చినవాళ్లందరికీ థాంక్స్. "రెండు అంగుళాలు వెయ్యి" అన్నవాళ్ల మాటే నిజమైంది. చెమ్మ చేరకూడదంటే ఇక్కడి చలికి టూ-బై-ఫోర్ గోడ (సన్న చెక్కల చట్రంతో కట్టినది) మీద బయట కనీసం ఆర్-7.5 ఉండాలట (ఆర్ అంటే వేడిని ఎంత ఆపుతుందో చెప్పే కొలత), ఒక అంగుళం ఎక్స్‌పీఎస్ ఫోమ్ ఇచ్చేది ఆర్-5 మాత్రమే. రెండంగుళాలు వేసి, పైన చెక్క పట్టీలు కొట్టి, వాటికి సైడింగ్ బిగించారు.

పాత సైడింగ్ ఊడదీస్తే అసలు సంగతి బయటపడింది. వంటింటి కిటికీ కింద చెక్కని నొక్కితే నా వేలు లోపలికి దిగిపోయింది! అక్కడ ఫ్లాషింగే (వాన నీళ్లని బయటికి మళ్లించే రేకు) లేదు. ముందు అది సరిచేయించాను. ఏ బ్రాండ్ హౌస్‌రాప్ (సైడింగ్ కింద గోడకి చుట్టే, నీళ్లు ఆపే షీట్) అని నేను పడ్డ టెన్షన్ అంతా దండగ, అసలు సమస్య ఫ్లాషింగ్ లేకపోవడమే. గోడ మందం పెరిగింది కాబట్టి కిటికీ చట్రాలు పొడిగించాలి, ఆ ఖర్చు మాత్రం ముందే లెక్కేసుకోండి.